డాక్టర్ గారి పులిహోర

పోయిన వారం మిమ్మల్నందరినీ పులిహోర ప్లేట్లు చేతుల్లో పెట్టి నిలబెట్టేశాను. పాపం, ఇంకా అలాగే నిలబడి ఉంటారు. కొత్తగా వచ్చిన వాళ్ళ కోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్పి, అక్కణ్ణుంచి అందుకుంటాను.

డబ్లిన్‌లో, అంటే కాలిఫోర్నియా డబ్లిన్‌లో, జానకీదేవి ఆంటీ ఇంట్లో ప్రతి ఆదివారం మా తెలుగు క్రైస్తవ సంఘం కూడుతుంది. చిత్రమేమిటంటే ఆంటీ క్రైస్తవురాలు కాదు. సంఘం పెట్టింది వాళ్ళాయన డాక్టర్ ఆంజనేయప్రసాద్ గారు. గుంటూరులో మెడిసిన్ చదివే రోజుల్లో బాప్తిస్మం తీసుకున్నారు గానీ పేరు మార్చుకోలేదు. "ఆ పేరు మా అమ్మ పెట్టింది, ప్రభువుకి దాంతో పేచీ లేదు" అనేవారు. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లే. ఆయన ప్రార్థన ఆయనది, వంటింటి మూల దేవుడి అల్మారా ఆవిడది. ఆయన పోయి రెండేళ్ళయింది. సంఘం మాత్రం ఆ ఇల్లు విడవలేదు. మేము పాటలు పాడుతుంటే ఆంటీ మెట్ల మీద కూర్చుని వింటారు. ఆఖరి ఆమెన్ అనేసరికి కాఫీ సిద్ధంగా ఉంటుంది.

నేను మనీషాని. సన్నీవేల్‌లో ఒక కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. ఎవరో కష్టపడి రాసిన ప్రోగ్రామ్‌ని పట్టుకుని ఇదెందుకిలా ఉంది, అదెందుకలా ఉంది అని పీడించడమే నా ఉద్యోగం. ఆ జబ్బు ఆదివారాలకి కూడా పాకింది. పోయిన వారం మొదలుపెట్టింది మా సంఘం వార్షికోత్సవం నాటి సంగతి. ఆరాధన అయ్యాక ప్రేమవిందు, అంటే అందరం కలిసి చేసే భోజనం. ఏటా ఆ రోజున తప్పకుండా వచ్చే వంటకం 'డాక్టర్ గారి పులిహోర'. ఆయన పోయాక ఆంటీ తెస్తున్నారు, రుచి ఇసుమంత తగ్గలేదు. నోరూరుకోక అడిగాను, "ఆంటీ, దీని రెసిపీ చెప్పరూ?" అని.

ఆంటీ గరిటె పట్టుకుని ఎంతో మామూలుగా అన్నారు. "రెసిపీ నాకేం తెలుసమ్మా? అది గుడి ప్రసాదం కదా."

ఇదీ సంగతి. ఇక చూడండి.

ముప్పై మందికి పైగా ఉన్న ఆ హాల్లో ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. ఎవరి చేతిలోంచో ప్లాస్టిక్ చెంచా జారి నేల మీద పడింది. ఇద్దరు ముగ్గురు టిష్యూ పేపర్ల కోసం వెతుక్కున్నారు. ఫ్రీమాంట్ నుంచి వచ్చే ఒకాయన నోట్లో ముద్ద పెట్టుకుని ఉన్నాడు, మింగడు, ఉమ్మడు, బుగ్గ ఉబ్బించుకుని అందరి మొహాలూ చూస్తున్నాడు. మా ఆయన అవినాష్ అప్పటికి మూడోసారి వడ్డించుకున్నాడు. నా వంక చూసిన చూపు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను. 'అడక్కపోతే నీ సొమ్మేం పోయేది' అని ఆ చూపుకి అర్థం.

శ్యామ్‌సుందర్ బ్రదర్ తన ప్లేటు నెమ్మదిగా కిటికీ గట్టు మీద పెట్టారు. ఆయన మా సంఘపెద్ద. డాక్టర్ గారి తర్వాత బైబిలు వాక్యం చెప్పేది ఆయనే. రేపల్లె దగ్గర పల్లెటూరి మనిషి, నెట్‌వర్క్ ఇంజనీరు, గొంతు పెంచి ఎరగరు. అప్పుడూ పెంచలేదు.

"అందరూ ప్లేట్లు కింద పెట్టండి" అన్నారు.

ఆయన కూతురు దియకి పన్నెండేళ్ళుంటాయి. "డాడీ, ఇట్స్ జస్ట్ రైస్!" అంది.

"దియా, కింద పెట్టమన్నాను."

పిల్ల మూతి ముడుచుకుని పెట్టేసింది. ఆయన ఆంటీ వైపు తిరిగారు. "అమ్మగారూ, మీ మీద నాకు కోపం లేదు. మీకు మా పద్ధతి తెలీదు. కానీ విగ్రహానికి పెట్టింది సంఘం బల్ల మీదకి వచ్చాక నేను చూసీ చూడనట్టు ఊరుకోలేను. వచ్చే వారం నుంచి కమ్యూనిటీ సెంటర్‌లో కలుద్దాం. రూమ్ నేను బుక్ చేస్తాను."

ఆంటీ గరిటె ట్రే అంచుకి ఆనించి, కొంగు సర్దుకున్నారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఎందుకో చెప్పాలి.

ఆ హాలు మొదట హాలు కాదు. ఒక పక్క వంటింట్లో కలిసిపోయిన భోజనాల గది, ఇంకో పక్క టీవీ గది, మధ్యలో గోడ. మనుషులు పెరిగి చోటు చాలక డాక్టర్ గారు ఆ గోడ కొట్టించేశారు. ఇప్పటికీ నేల మీద చెక్క రంగు తేడాగా ఒక చార ఉంటుంది. ఆ చార మీద కుర్చీ పడకుండా ఆంటీ వరసలు సర్దుతారు. ఒకసారి నాతో అన్నారు, "ఆరు రోజులూ ఆయన లేరని తెలుస్తూనే ఉంటుంది మనీషా. ఆదివారం మీరొచ్చి ఆ పాటలు మొదలుపెట్టాక, పక్క గదిలో ఉన్నారేమో అనిపిస్తుంది. అదొక్కటీ తీసేస్తే ఈ ఇంట్లో నేనేం చెయ్యాలి?" అని. కమ్యూనిటీ సెంటర్ అంటే ఆవిడకి అదొక్కటీ పోవడమే. వచ్చే ఆదివారం ఆ ఇంట్లో ఎవరూ ఉండరు.

ఇంకో సంగతి కూడా ఉంది. కొన్ని నెలలుగా నాకూ ఆంటీకీ ఒక పిచ్చి పట్టుకుంది. మొదటి చర్చి ఎక్కడ పుట్టింది, ఎలా పాకింది అని తవ్వుకోవడం. మొదలుపెట్టింది ఆవిడే. "గోపురాలూ గంటలూ తర్వాతెప్పుడో వచ్చాయి కదా, మరి మొదట్లో ఎక్కడ కూర్చునేవాళ్ళు?" అని అడిగారు. నాకు తెలీదు. పుట్టింది క్రైస్తవ కుటుంబంలో, సండే స్కూల్లో బహుమతులు కూడా కొట్టాను, ఆ ప్రశ్న మాత్రం నాకెప్పుడూ తట్టలేదు. ఇద్దరం కలిసి వెతికితే తేలిందేమిటంటే ఇళ్ళల్లో! మామూలు ఇళ్ళల్లో. అందులో చాలా ఇళ్ళు ఆడవాళ్ళవి. ఫిలిప్పీలో ఊదారంగు బట్టలమ్మే లూదియ ఇల్లు. డేరాలు కుట్టుకుని బతికే అకుల, ప్రిస్కిల్ల అనే జంట ఇల్లు. రోములో యూదులు ఉండకూడదని చక్రవర్తి ఆజ్ఞ వేస్తే ఈ జంట మూటాముల్లె సర్దుకుని కొరింథుకి వచ్చిపడింది. అక్కణ్ణుంచి ఎఫెసుకి, మళ్ళీ రోముకి. ఎక్కడ దిగితే అక్కడ వాళ్ళ ఇల్లే చర్చి. "హెచ్‌వన్ వీసా వాళ్ళ బతుకే కదే ఇది!" అని ఆంటీ పకపకా నవ్వారు. సిరియా ఎడారిలో తవ్వకాల్లో బయటపడిన ఒక పాత ఇంటి బొమ్మ కూడా చూశాం. ఇప్పటిదాకా దొరికిన వాటిల్లో బాగా పాత చర్చి అదేనట. చూడటానికి ఉత్త ఇల్లే, రెండు గదుల మధ్య గోడ తీసేసి హాలు చేసుకున్నారు. ఆ బొమ్మ చూసి ఆంటీ నేల మీద ఆ చార వంక తిరిగారు.

అందుకని, కమ్యూనిటీ సెంటర్ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. నోరు తెరవబోయాను. మా అవినాష్ నాకంటే ముందే తెరిచాడు.

"శ్యామ్ బ్రదర్, ఒక్క నిమిషం. ఆంటీ, మీరు గుడి క్యాంటీన్‌లో కొన్నారా? వీకెండ్‌లో ట్రేలు ఆర్డర్ మీద ఇస్తారు కదా, బర్త్‌డేలకి మేమూ తెచ్చుకున్నాం. అదైతే హోటల్ లాంటిదే. ప్రసాదం అన్నది మాటవరసకే అయ్యుంటుంది."

హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ఫ్రీమాంట్ ఆయన గటుక్కున మింగేశాడు. శ్యామ్ బ్రదర్ మొహంలో కూడా కొంచెం సడలింపు కనిపించింది. ఆయనకీ ఆ ఇల్లు వదలాలని లేదేమో అని మొదటిసారి అనుమానం వచ్చింది నాకు.

నేను ఆగలేక అందుకున్నాను. "అదే బ్రదర్, కొరింథులో వచ్చిన తగాదా కూడా ఇదే కదా! గుళ్ళో బలిచ్చిన మాంసం బజార్లోకి వచ్చేది. కొనాలా వద్దా అని వాళ్ళు జుట్టు జుట్టు పట్టుకున్నారు. బజార్లో అమ్మేది ఆరాలు తియ్యకుండా కొనుక్కుని తినండి అన్నాడు పౌలు, ఆ సంఘానికి రాసిన ఉత్తరంలో. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తినండి, ఎక్కణ్ణుంచి వచ్చిందని అడక్కండి అన్నాడు."

"అడక్కండి అన్నాడు కదా" అన్నాడు అవినాష్, నా చెవి దగ్గరకొచ్చి. "నువ్వే కదా అడిగావు."

నా మొహం ఎర్రబడింది. శ్యామ్ బ్రదర్ నన్నుద్దేశించి, "అక్కడితో ఆపేశావు సిస్టర్. ఇది అర్పించింది అని ఎవరైనా చెబితే మాత్రం తినొద్దన్నాడు. చెప్పిన మనిషి కోసం. ఇప్పుడు అమ్మగారు చెప్పారు" అన్నారు. తర్వాత ఆంటీ వైపు చూసి మెత్తగా అడిగారు. "క్యాంటీన్‌దేనా అమ్మగారూ? అంతేనంటే ఈ మాట ఇక్కడితో అయిపోయింది."

చూశారా, ఆవిడకి తలుపు బార్లా తెరిచి పెట్టారాయన. అవును అంటే చాలు. తల ఊపినా చాలు. సంఘం ఇంట్లోనే ఉంటుంది, పాటలుంటాయి, కుర్చీలుంటాయి. నేను ఆంటీకి కళ్ళతో సైగ చేశాను. కనుబొమ్మలు ఎగరేశాను, తల ఊపి చూపించాను. ఇంతకంటే ఒక టెస్టర్ ఏం చేస్తుంది?

ఆంటీ నన్ను చూసి నవ్వారు. "ఊపను మనీషా. అది క్యాంటీన్‌ది కాదు. ముందే చెప్పి చేయిస్తాను, పొద్దున్నే పూజారి గారు నైవేద్యం పెట్టి ఇస్తారు. నీ ప్లేటులో కూడా తులసాకు ఉంటుంది, చూసుకో."

చూసుకున్నాను. కరివేపాకనుకుని అంచుకి నెట్టేసిన చిన్న ఆకు, నల్లగా వాడిపోయి, అక్కడే ఉంది.

"అమ్మగారూ" అన్నారు శ్యామ్ బ్రదర్, "రెండేళ్ళుగా తెస్తున్నారా ఇలా?"

"రెండేళ్ళేమిటి? సంఘం మొదలైన మరుసటేటి నుంచీ ఇదే. మా డాక్టరు గారే వెళ్ళి తెచ్చేవారు. మీరు ఇన్నేళ్ళూ తిన్నది ఇదే పులిహోర."

నేను నిజం చెబుతున్నాను, ఆ మాటకి ఎవరికైనా కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అందరూ శ్యామ్ బ్రదర్ మొహం చూశారు. ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"డాక్టర్ గారికి తెలుసా?" అన్నారు. "తెలిసే పెట్టారా?"

"తెలిసే. మేమిద్దరం గ్రీసు చూడటానికి వెళ్ళాం ఒకసారి. కొరింథులో వైద్యుల దేవుడి గుడి ఉండేదంటే, డాక్టర్లం కదా, చూసి తీరాలన్నారు. రాళ్ళు తప్ప ఏం మిగల్లేదు. గుడి పక్కనే భోజనాల గదులు చూపించారు, గోడల చుట్టూ ఆనుకుని తినడానికి అరుగులు. గుళ్ళో బలి ఇవ్వడం, పక్క గదిలో చుట్టాలతో కూర్చుని తినడం. 'జానకీ, ఇది మన గుడి క్యాంటీనే కదూ!' అని ఆయన ఒకటే నవ్వు. ఆ రోజే అన్నారు, అడగని వాళ్ళకి చెప్పకు, అడగకుండా తింటే ఎవరికీ దోషం లేదు, చెప్పావా అప్పుడే చిక్కు, అని. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఈ పిల్ల అడిగింది. అడిగాక అబద్ధం నా నోట రాదు."

నేనైతే లోపల్లోపల మురిసిపోయాను. డాక్టర్ గారెంత గడుసువారు! మొదటి శతాబ్దపు తగాదాని తెచ్చి డబ్లిన్‌లో మా నోళ్ళల్లో పెట్టి, తీర్పు కూడా చెప్పేశారు, మాకు తెలీకుండానే. వాదన మనం గెలిచేశాం అనుకున్నాను. అంత తొందరపాటు మనిషిని నేను.

శ్యామ్ బ్రదర్ తల ఎత్తలేదు. నేల మీద గోడ ఉన్న చోటి చారనే చూస్తూ మాట్లాడారు.

"అమ్మగారూ, మా ఊళ్ళో అమ్మవారి కొలుపులు జరిగితే మా తాతలు డప్పు కొట్టాలి. కొట్టినందుకు గుడి బయట నిలబెట్టి, ప్రసాదం దూరం నుంచి ఆకులో పడేసేవాళ్ళు. లోపలికి పోకూడదు. ఇచ్చే చేతికి మా చెయ్యి తగలకూడదు. మా నాన్న బాప్తిస్మం తీసుకున్న ఏడాది, ఇక నేను చెయ్యి చాపను అన్నాడు. తిట్టలేదు, గొడవ చెయ్యలేదు. చాపను అన్నాడు, అంతే. పనికి పిలవడం మానేశారు. బావి దగ్గరకి రానివ్వలేదు. మా అమ్మ పక్క ఊరి నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చేది. నాన్న పోయే రోజు దాకా ప్రసాదం ముట్టలేదు. అది దేవుడి మీద కోపం కాదు. ఒక్కసారి చెయ్యి చాపితే మళ్ళీ పోయి ఆ గుడి బయట నిలబడ్డట్టే ఆయనకి. నాకూ అంతే. మీరు పెద్ద కుటుంబంలో పుట్టారు, డాక్టర్ గారూ అంతే. మీకది పులిహోర."

నా ప్లేటు ఎక్కడ దాచుకోవాలో తెలీలేదు నాకు. కొరింథు గురించి అంత చదివాను కదా, ఒక ముక్క గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ ఊళ్ళో డబ్బున్నవాళ్ళకి మాంసం రోజూ తినే కూర. లేనివాళ్ళకి దొరికితే గుళ్ళో పండగల్లోనే దొరికేది. అందుకే ఉన్నవాళ్ళు 'ఇది ఉత్త మాంసమే' అని తేలిగ్గా తినగలిగారు. లేనివాళ్ళకి ఆ వాసనతో పాటు గుడి అంతా గుర్తొచ్చేది. పౌలు వాదన ప్రకారం ఉన్నవాళ్ళదే రైటు. అయినా చివరికి ఆయన అన్నదేమిటంటే, నా తిండి నా తమ్ముణ్ణి బాధపెడితే నేను ఎప్పటికీ ఆ మాంసం ముట్టను, అని. మేము వాదన వరకే చదువుకున్నాం.

ఆంటీ వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నారు. "మీ నాన్నగారి పేరేమిటి శ్యామ్?"

"రంగయ్య."

"ఈ సంగతి మా డాక్టరు గారికి చెప్పావా ఎప్పుడైనా?"

"చెప్పానమ్మగారూ. నేను కొత్తగా వచ్చినప్పుడు. ఇక్కడే, ఈ సోఫాలోనే. నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు కూడా."

"ఆ తర్వాత వార్షికోత్సవానికి పులిహోర తెచ్చారా?"

శ్యామ్ బ్రదర్ పులిహోర ట్రే వంక చూశారు. "తెచ్చారు. తనే వడ్డించారు. 'తిను శ్యామ్, బాగుంటుంది' అన్నారు. నేను రెండోసారి పెట్టించుకున్నాను."

దియ వెళ్ళి వాళ్ళ నాన్న భుజం మీద చెయ్యి వేసింది. ఆ పిల్లకి ఆ కథ అంతకుముందు తెలుసో తెలీదో నేను చెప్పలేను.

"ఎందుకమ్మగారూ?" అన్నారాయన. "నాకు తండ్రి లాంటి మనిషి. అన్నీ తెలిసి నాకెందుకు పెట్టారు?"

ఆంటీ సూటిగా చెప్పేశారు. "నేనడిగాను కాబట్టి."

ఆవిడ కుర్చీ ఇంకాస్త ఆయన దగ్గరికి జరుపుకున్నారు.

"మీ సంఘం మొదలైన ఏడాది పోట్లాడాను ఆయనతో. ఇల్లు నాది, కుర్చీలు నేను వేస్తాను, కాఫీ నేను పెడతాను, మీ బల్ల దగ్గర మాత్రం నాకు చోటు లేదు, అన్నాను. ఏడాదికొక్కసారి నా దేవుడి దగ్గర నుంచి ఒక్క ముద్ద మీ వాళ్ళందరికీ పెట్టనివ్వండి, ఇంకేమీ అడగను, అన్నాను. సరేనన్నారు. తర్వాత నువ్వొచ్చావు. నీ సంగతి నాకు చెబితే నేను మానేసి బాధపడతానని నాకు చెప్పలేదు. పులిహోర సంగతి చెబితే నువ్వు సంఘం వదిలి పోతావని నీకు చెప్పలేదు. ఇద్దరికీ చెప్పకుండా మధ్యలో తను పోయారు. తప్పు చేశారు. నా మొగుడే గానీ, తప్పు చేశారు."

శ్యామ్ బ్రదర్ లేచారు. "చెబితే నేను పోయేవాణ్ణి కాదమ్మగారూ. తినేవాణ్ణి కాదు, అంతే" అన్నారు.

అని, చెప్పుల స్టాండు వైపు నడిచారు. ఆయన వెనక వాళ్ళావిడ, ఇంకో నాలుగు కుటుంబాలు. బ్యాగుల జిప్పులు, కారు తాళాల చప్పుడు. ఇక అయిపోయింది అనుకున్నాను. ఆ కుర్చీలు ఇంకెవరు వేస్తారు, ఎవరి కోసం వేస్తారు అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి నాకు.

"శ్యామ్, ఒక్క పావుగంట ఆగు."

ఆంటీ అప్పటికే వంటింట్లో ఉన్నారు. బియ్యం కడుగుతున్నారు. "అన్నం వండుతున్నాను, పప్పు చారు పెడతాను. గుళ్ళోంచి తెచ్చింది కాదు, నా చేతి వంట. తిని వెళ్ళు. ఆ తర్వాత ఎక్కడ కలుసుకుంటారో నీ ఇష్టం, నేను అడ్డు చెప్పను."

ఆయన ఒక బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని ఆగిపోయారు. పెద్దావిడ పొయ్యి వెలిగిస్తుంటే ముఖం తిప్పుకుని పోయే మనిషి కాదాయన. పోబోయిన వాళ్ళు కూడా గుమ్మంలో నిలబడ్డారు. కుక్కరు కూతలు మేమందరం నిలబడే విన్నాం. ఫ్రీమాంట్ ఆయన గిన్నెలందించడానికి వెళ్ళాడు, తింటూ దొరికిపోయాడు కదా, కాళ్ళు నిలవలేదు.

కుక్కరు మూత తీశారు ఆంటీ. ఆవిరి పైకి లేచింది. గరిటెతో కొంచెం అన్నం తీసుకుని, ఎడం చెయ్యి పక్కకి చాపారు. అటు దేవుడి అల్మారా ఉంది. దాని ముందు అరచేతిలో పట్టేంత వెండి గిన్నె. ఆవిడ అటు చూడను కూడా లేదు, చెయ్యే వెళ్ళింది. గిన్నె అంచుకి వేళ్ళు తగిలాయి. తగిలి ఆగిపోయాయి.

మధ్యలో గోడ ఉండి ఉంటే గుమ్మం దగ్గరకి అది కనబడేది కాదు. డాక్టర్ గారు గోడ తీయించేశారు కదా. శ్యామ్ బ్రదర్ చూశారు.

నేనూ చూశాను. ఎన్ని ఆదివారాలు ఆ వంటింట్లో నిలబడి గిన్నెలు కడిగాను నేను! ఆ వెండి గిన్నె కూడా కడిగి బోర్లించాను. అందులో ప్రతిసారీ అంటుకుని ఉండే నాలుగు మెతుకులు ఎందుకున్నాయని, లోకంలో అన్నీ అడిగే నేను, ఒక్కనాడూ అడగలేదు.

"అమ్మగారూ" అన్నారు శ్యామ్ బ్రదర్. "వండినప్పుడల్లా అంతేనా?"

ఆంటీ దాచలేదు. "అంతే శ్యామ్. ముందక్కడ పెట్టాకే ఎవరికైనా. చిన్నప్పట్నుంచీ అలవాటు. చేసినట్టు నాకే గుర్తుండదు."

"మరి మేము తిన్న పప్పు, చారు... నాకు ఫ్లూ వచ్చినప్పుడు పంపిన జావ..."

"అన్నీ."

గుమ్మంలో ఎవరో "ప్రభువా" అన్నారు, చిన్నగా. లెక్కేసుకుంటే ఆ ఇంట్లో మేము అర్పించనిది ఏం తిన్నామో నాకు తోచలేదు. క్యాంటీన్‌దా, నైవేద్యమా అని అంత సేపు కొట్టుకున్నామే!

"మరి ఇవాళ?" అన్నారు శ్యామ్ బ్రదర్.

ఆంటీ ఆ వెండి గిన్నె తీసి గట్టు మీద బోర్లించారు. తల పక్కకి తిప్పుకున్నారు, అల్మారా వైపు చూడలేకో, మా వైపు చూడలేకో. ఒక కంచం తీసి, గరిటెలో ఉన్న ఆ మొదటి అన్నం అందులో పెట్టారు. కంచం తెచ్చి బల్ల మీద, డాక్టర్ గారు కూర్చునే చోట పెట్టి, కుర్చీ వెనక్కి లాగారు.

"ఇవాళ ముందు రంగయ్య గారి కొడుక్కి పెట్టాను" అన్నారు. "ఆయనకి తర్వాత నేను చెప్పుకుంటాను."

ఆ 'ఆయన' అల్మారాలో ఉన్న ఆయనో, పోయిన ఆయనో నేను అడగలేదు.

శ్యామ్ బ్రదర్ చేతిలో ఉన్న బూటు కింద పెట్టారు. తర్వాత వంగి, వేసుకున్న బూటు లేసు పట్టుకున్నారు. అది విప్పుతున్నారో, బిగించుకుంటున్నారో సోఫా అడ్డం వచ్చి నాకు కనబడలేదు. దియకి కనబడుతోంది. ఆ పిల్ల వాళ్ళ నాన్న చేతుల వంకే చూస్తోంది. ఆంటీ ఒక చెయ్యి కుర్చీ మీద వేసి నిలబడ్డారు, కంచంలో అన్నం పొగలు కక్కుతోంది.